పేరు పలికిన నేస్తం

జోగులు పేరు యర్రయ్య నోట్లోంచి రాక చాలా ఏళ్లయింది. కోపం వల్ల కాదు, నేస్తం కట్టుకోవడం వల్ల. భావనపాడు దగ్గర వాళ్ల పల్లెలో, మీసాలు మొలుస్తున్న వయసులో, అమ్మవారి సంబరం నాడు ఇద్దరూ ఒకరి భుజాన ఒకరు కొత్త తువ్వాలు వేసి, ఒకే తాంబూలం చెరిసగం నమిలారు. ఆ పూట నుంచి పేరు పెట్టి పిలవకూడదు. ‘నేస్తం’ అనే అనాలి. నేస్తం చస్తే గుండు గీయించుకోవాలి, మైల పట్టాలి, వాడి ఇంట్లో పొయ్యి వెలిగాకే తన ఇంట్లో వెలగాలి. తోడబుట్టినవాడితో తగువు పడితే పెద్దలు తీరుస్తారు. నేస్తంతో తగువు తీర్చడానికి పల్లెలో ఏ పెద్దకీ అధికారం లేదు, ఎందుకంటే అలాంటి తగువు ఉండకూడదు.

ఓడెక్కి అండమాన్ వచ్చాక ఈ కట్టుబాటుతో తిప్పలు తప్పలేదు. చేపలవాళ్లకి సర్కారు పడవలిస్తోందంటే ఇద్దరూ పెళ్లాలను వెంటబెట్టుకుని మాయాబందరులో ఆఫీసుకి వెళ్లారు.

“పార్ట్‌నర్ కా నామ్ బోలో” అన్నాడు గుమాస్తా.

యర్రయ్య జోగులు వంక చూశాడు. జోగులు పైకప్పు వంక చూశాడు. జోగులు పెళ్లాం గురమ్మ మొగుడి పేరు చెప్పకూడదు గనక కొంగు నోట్లో కుక్కుకుంది. యర్రయ్య పెళ్లాం సీతాలుకి నవ్వాగలేదు.

“అరే, నలుగురు ఉన్నారు, ఏక్ కా భీ నామ్ నహీఁ?” గుమాస్తా పెన్ను బల్ల మీద పడేశాడు.

బయట జనం వీళ్లని పిలవడం విన్న రాంచీ బంట్రోతు ఆఖరికి గుమ్మం దగ్గర్నుంచి ముందుకొచ్చాడు. “ఏక్ జోగులు, ఏక్ యర్రయ్యా సాబ్. దోనో పాగల్.”

అలా వచ్చింది పడవ. మాయాబందరు అవతల, అడవి కొట్టి వేసిన కొత్తరేవు పేటలో రెండు గుడిసెలు పక్కపక్కనే లేచాయి. పేటంతా ఆ సీమవాళ్లే కాబట్టి పద్ధతులూ ఓడలోనే వెంట వచ్చేశాయి. ఇద్దరూ చేపలు పట్టారు, వాటితో కడుపు నిండక షెల్లుకి దిగారు. ఎర్ర చారలున్న బొంగరం లాంటి షెల్లు. దాన్ని కోసి చొక్కాలకి బొత్తాలు చేస్తారట. జోగులు నడుముకి తాడూ బుట్టా కట్టుకుని మునిగేవాడు. యర్రయ్య పడవలో కూర్చుని తాడు పట్టేవాడు. కిందనుంచి తాడు గుంజితే లాగాలి. అంతే పని. కానీ ఆ అంతే పనిని జోగులు ఇంకెవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. “నా పేణం బరువు నేస్తం సేతికే తెలుసు” అనేవాడు.

ఒక ఏడాది ఎండాకాలంలో, ఎవరూ వెళ్లని ఒక దీవి వెనక, యర్రయ్య చూపించిన చోట జోగులు మునిగి, తేలి, కేక వేశాడు. “ఓలమ్మ నేస్తం! కిందంతా షెల్లే. అడుగెయ్యడానికి సోటు నేదు!”

ఆ షెల్లే కొంపముంచింది.

షెల్లు కొనే సేఠు పోర్ట్‌బ్లెయిర్ నుంచి వచ్చి మాయాబందరులో మకాం పెట్టేవాడు. ఇన్నేళ్లలో చూడనంత సరుకు ఈ ఇద్దరూ ఎక్కణ్నుంచి తెస్తున్నారో కనిపెట్టలేక, ఒకరోజు జెట్టీ మీద యర్రయ్యకి టీ ఇప్పించాడు.

“ఇంజన్ బోటు ఒకటుంది యర్రయ్యా భాయ్. నీలం రంగు. చూశావు కదా?”

చూశాడు. దానివంక చూడని రోజు లేదు.

“జగా చూపించు, బోటు నీది. నా మనుషులు దిగుతారు, నువ్వు నడుపు, బస్.”

“నా నేస్తం?”

“ఒక బోటుకి ఇద్దరు మాలికులా?” సేఠు గ్లాసు కింద పెట్టాడు. “తెడ్డేసేవాళ్లు పేటలో బహుత్ ఉన్నారు. ఇంజన్ వాడివి నువ్వొక్కడివే అవుతావు.”

అప్పటినుంచి యర్రయ్య తెడ్డు వేస్తుంటే చేతులు నొప్పెట్టేవి. అంతకుముందూ నొప్పెట్టే ఉంటాయి, తెలిసేది కాదు. దీవి వెనక చోటు కనిపెట్టింది నేను కదా అనిపించేది. మునిగేవాడిది గొప్పా, చోటు చూపినవాడిది గొప్పా? సీతాలు చారు వడ్డిస్తున్నా అదే ఆలోచన. ఒకనాడు పడవలో మాట కదిపాడు.

“సేఠు సోటు సూపించీమంటన్నాడు నేస్తం.”

“ఆడి బాబు సోటా?” జోగులు నవ్వాడు. “ఆడి మనుషులు దిగితే పిల్ల షెల్లు కూడా ఒగ్గరు. ఊడ్సుకు పోతారు. నానొకటి అనుకున్నాను. పేట పెద్ద నూకన్న తాతతో సెప్పేసి, పేటోలందరం వంతులేసుకుందాం. ఇన్నేసి ఇళ్లున్నాయి, అందరూ గంజి తాగుతన్నారు. అందరం దిగితే సేఠు దర మనం సెప్పినట్టే ఇస్తాడు.”

“అందరికీ సెప్పేస్తే మనకేటి మిగుల్తాది?”

“మనకేటి మిగల్దూ? మనమూ అందరిలోనే కదా.” జోగులు బుట్ట నడుముకి బిగించుకుంటున్నాడు. “ఇయ్యాల ఒడ్డుకెల్లగానే సెప్పేత్తాను. ఈ మునక మన ఇద్దరిదీ. రేపట్నుంచి పేటది.”

యర్రయ్య ఏదో అనబోయాడు. జోగులు అప్పటికే ముక్కు మూసుకుని నీళ్లలోకి జారిపోయాడు.

ఎండ నడినెత్తిన ఉంది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. జోగులు అడుగునున్న రాతిగూడు దగ్గరికి పాకడం పైనుంచి నీడలా కనిపించింది. ఆ గూడు కింద ప్రవాహం చెడ్డది. మనిషిని లోపలికి తోస్తుంది, పైనుంచి లాగితే తప్ప బయటపడనివ్వదు. అందుకే అక్కడ తాడు బిగువుగా పట్టాలని జోగులే యర్రయ్యకి నేర్పాడు.

తాడు కదిలింది. గుంజుడు.

యర్రయ్య చేతులు అలవాటుగా బిగుసుకున్నాయి. లాగలేదు. ఒడ్డున నూకన్న ఇంటి అరుగు, చుట్టూ చేరిన పేట, ‘యర్రయ్య సూపించిన సోటు’ అని ఒక్కడైనా అనకుండా జోగులు భుజం తట్టే జనం, అన్నీ కళ్ల ముందు ఆడాయి.

మళ్లీ గుంజుడు. ఈసారి గట్టిగా. పడవ ఒక పక్కకి ఒరిగింది.

ఇంకొక్కసారి గుంజితే లాగేద్దాం అనుకున్నాడు. జోగులు గుంజాడు. యర్రయ్య లాగలేదు.

ఆ తరవాత తాడు చిన్నగా వణికింది, గాలానికి చేప తగిలినట్టు. తరవాత అదీ లేదు. యర్రయ్య పిడికిలి విప్పాడు. మిగిలిన తాడంతా పడవ అంచు మీదుగా, తొందరేమీ లేనట్టు, నీళ్లలోకి దిగిపోయింది. అప్పుడు ఏడుపొచ్చింది. నిజం ఏడుపే. ఏడుస్తూనే సొరచేప కథ అల్లుకున్నాడు. తాడుతో సహా లాక్కుపోయిందని చెప్పాలి. కథ కుదిరాకే తెడ్డు అందుకున్నాడు.

కొత్తరేవు ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న జనం అతను ఒక్కడే రావడం చూసి లేచారు. యర్రయ్య పడవ దిగకుండానే గుండెలు బాదుకుని కేక పెట్టాడు.

“జోగులు పోనాడు! సొర లాక్కుపోనాదిరా, జోగులు పోనాడు!”

పరిగెత్తుకొస్తున్న జనం ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. వాళ్లని ఆపింది చావు కబురనుకున్నాడు యర్రయ్య. గురమ్మ మాత్రం ఆగలేదు. నడుంలోతు నీళ్లలోకి వచ్చి, ఖాళీ పడవలోకి ఒకసారి తొంగి చూసి, తరవాత అతని మొహం వంక చూసింది. ఏడవలేదు.

చౌకీ నుంచి హవల్దారు వచ్చాడు. తెలుగు సరిగ్గా రానివాడు. షార్క్ అని రాసుకుని, అందరిచేతా వేలిముద్రలు వేయించుకున్నాడు. ఎవరూ నోరు విప్పలేదు. విప్పి ఏం చెబుతారు? ‘సాబ్, వీడు నేస్తం పేరు పలికాడు’ అనా? ఆ మాటకి ఏ సర్కారు చెవిలో అర్థం ఉంది?

మైల తీరే రోజున, దొరకని శవానికి గడ్డిబొమ్మ చేసి కాల్చి, మగవాళ్లు గుండ్లకి వరసలో కూర్చున్నారు. యర్రయ్యా కూర్చున్నాడు. కత్తి అతని దాకా వచ్చింది.

“ఈడికొద్దు” అన్నాడు నూకన్న తాత.

“అదేటి తాతా? నాను నేస్తాన్ని కాదా?”

“ఏమో నాయినా. నేస్తానివైతే ఆడి పేరు నీకెలా తెలిసింది?” ముసలివాడు తల తిప్పుకున్నాడు. “పక్కోడికి గీయండి.”

అప్పటికి అర్థమైంది యర్రయ్యకి, ఒడ్డున తన నోట్లోంచి ఏం వచ్చిందో. లేచి గురమ్మ గుమ్మం దగ్గరికి వెళ్లాడు.

“నోరు జారిందే గురమ్మా. గాబరాలో...”

“నా నోరు ఎప్పుడూ జారనేదు.” ఆమె చేపలు ఆరేస్తోంది, చెయ్యి ఆపలేదు. “ఆడు పోనాడని ఇన్నప్పుడూ జారనేదు. ఒకటే అడుగుతాను, అది సెప్పు. నీకాడు నేస్తం కాకుండా ఎప్పుడు పోనాడు? నీట్లోకి దిగే ముందా, దిగినాకా?”

“సొర...”

“సొర సంగతి హవల్దారుకి సెప్పు, రాసుకుంటాడు. ఎల్లు. పొద్దుంది, సేపలు ఎండాల.”

యర్రయ్యకి మిగిలింది నీలం బోటు. దాన్నైనా దక్కించుకోవాలనుకుని సేఠుకి చోటు చూపించాడు. ఎక్కణ్నుంచో మనుషులు దిగారు. జోగులు చెప్పినట్టే పిల్ల షెల్లు కూడా ఒగ్గలేదు. వానలు పట్టేలోగా దీవి వెనక నీళ్లలో ఉత్త రాళ్లు మిగిలాయి. సేఠు మనుషులు ఇంజన్ స్టార్ట్ చేసుకుని బోటు తీసుకుపోతుంటే, యర్రయ్య జెట్టీ మీద అడ్డం నిలబడ్డాడు.

“నాదన్నావు గదా సేఠూ?”

“జగా ఉన్నంతకాలం నీదే అన్నాను భాయ్. జగా ఎక్కడుంది, చూపించు” అన్నాడు సేఠు.

సీతాలు పిల్లల్ని తీసుకుని పోర్ట్‌బ్లెయిర్ డిగ్నాబాద్‌లో అక్క ఇంటికి వెళ్లిపోయింది. పోట్లాడలేదు. “పిల్లలతో ఎవరూ ఆడతం నేదు” అంది, మూట నెత్తికెత్తుకుంటూ. యర్రయ్య తన ఇంట్లో ఉన్న బియ్యం తీసుకెళ్లి గురమ్మ గుమ్మంలో పెట్టాడు. ఆమె దాన్ని తన్నలేదు, ఎత్తలేదు. దాటుకుని పోయేది. వానకి తడిసి అక్కడే ముక్కిపోయింది.

ఇక ఆగలేక ఒక పొద్దున చౌకీకి వెళ్లాడు. ఎవరైనా ఒక మనిషి విని, అవును నువ్వే చంపావు అంటే చాలనిపించింది.

“రస్సీ నేను లాగలేదు సాబ్. సొర నహీఁ. మైఁ మారా.”

హవల్దారు చాయ్ ఊదుకుంటూ విన్నాడు. “లాష్, శవం ఉందా?”

“నహీఁ సాబ్.”

“గవా? సాక్షి?”

“మైఁ హూఁ గదా సాబ్. నేను చూశాను.”

హవల్దారు నవ్వాడు. “బీవీ వెళ్లిపోయిందని నీ దిమాగ్ ఖరాబ్ అయింది. రిపోర్ట్ ఎప్పుడో ఊపర్ వెళ్లిపోయింది. దాన్ని మళ్లీ ఎవడు తిరగరాస్తాడు, నీ బాపా? జా, వెళ్లి పడుకో.”

యర్రయ్య ఇంకా నిలబడే ఉంటే భుజం పట్టుకుని మెట్లు దింపాడు.

అతను రేవుకొచ్చేసరికి పాత తెడ్ల పడవ ఇసక మీద ఉంది. మాయాబందరు గుమాస్తా ఇద్దరికీ కలిపి ఇచ్చిన పడవ. పక్కన రెండు పడవల వాళ్లు సరదాలాడుకుంటూ, ఒకళ్ల పడవకి ఒకళ్లు భుజాలిచ్చి నీళ్లలోకి తోసుకుంటున్నారు. యర్రయ్యని చూసి మాటలు ఆపారు, చూపులు దించుకుని తమ పని తాము చూసుకున్నారు. అతను పడవ వెనక వంగి భుజం ఆనించాడు. ఒక్కడి బలానికి కదిలే పడవ కాదది. అయినా కాళ్లు తన్ని తోశాడు. మడమలు ఇసకలో దిగబడ్డాయి గానీ పడవ కదల్లేదు. ఆటు వచ్చి నీళ్లు వెనక్కి పోతున్నాయి. పక్కవాళ్ల పడవలు వెళ్లిపోయి, రేవు ఖాళీ అయ్యి, పడవకీ సముద్రానికీ మధ్య బురద పెరుగుతున్నా, భుజం తియ్యకుండా తోస్తూనే ఉన్నాడు.