వుగుట్సాకి తాళంకప్ప

నవంబరు రెండో వారంలోనే మినాయో మెసేజి పెట్టేసింది. అదీ కుటుంబం వాట్సాప్ గ్రూపులో, అందరికీ కనబడేలా. "ఈ క్రిస్మస్‌కి కోడళ్ళందరూ తలా ఒక పెద్ద గిఫ్టు పెట్టె తేవాలి. సూపర్‌మార్కెట్లో కట్టించిందే తేవాలి. మూడు వేల షిల్లింగులకి తగ్గకూడదు. సంతలో ఏరుకొచ్చిన సరుకు బల్ల మీద పెట్టొద్దు. ఊరి ముందు పరువు పోతుంది."

ఆ చివరి ముక్క ఎవరికి తగలాలని రాసిందో ముహోంజాకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ ఇంటి కోడళ్ళలో సంతని నమ్ముకుని బతికేది తనొక్కతే. నైరోబీ గికోంబా సంతలో, పాత బట్టల మూటలు విప్పే వరసలో, ఒక కుట్టుమిషను వేసుకుని జనం కొనుక్కున్న ప్యాంట్లకి నడుములు బిగించడం, జిప్పులు మార్చడం ఆమె పని. మినాయో పెద్ద తోడికోడలు. కిసుములో మొగుడికి సిమెంటు, ఇనుము అమ్మే కొట్టుంది. విహిగాలో అత్తగారింట పండగ ఎలా జరగాలో ఆవిడే చెబుతుంది, మిగతావాళ్ళు తలలూపుతారు.

కిందటేడు ముహోంజా కూడా ఊపింది. రంగు కాగితం చుట్టి, పెద్ద రిబ్బను కట్టిన పెట్టె మోసుకెళ్ళింది. లోపల బిస్కెట్లు, జ్యూసు సీసాలు, ఆ ఇంట్లో ఎవరూ ముట్టుకోని పింగాణీ కప్పులు. బావగారు, అంటే మినాయో మొగుడు, లోగేది మైకులో ఆమె పేరు చదివితే అందరూ చప్పట్లు కొట్టారు. జనవరిలో ఫీజు కట్టలేదని కూతుర్ని బడినుంచి ఇంటికి పంపేశారు. మూడు వారాలపాటు ఆ పిల్ల మిషను పక్కన గుడ్డపేలికల మీద కూర్చుని పాత పుస్తకాన్నే మళ్ళీ మళ్ళీ తిరగేస్తుంటే, ముహోంజాకి చప్పట్లు చెవుల్లో మోగేవి. మళ్ళీ ఆ పెట్టె కొంటే ఒట్టు అనుకుంది.

అందుకే ఈసారి మెసేజి చూడగానే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ జవాబు కొట్టింది. "నేను పెట్టె తేను అక్కా. ఎవరికేం కావాలో అది తెస్తా."



"ఆ మాట మనసులో పెట్టుకుని వెళితే సరిపోయేది కదే," అన్నాడు మొగుడు అలూడా.

"మనసులో పెట్టుకుంటే ఆవిడకెలా తెలుస్తుందయ్యా?"

ఇక ఆ నెలంతా చేతులు మిషను మీద, ఆలోచన అత్తారింటి మీద. అత్త కగేహాకి కాళ్ళు వాచిపోయి ఏడాది దాటింది. చర్చికి చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తుంది, గుమ్మం దగ్గర తొడుక్కుంటుంది, లోపల బెంచీ కిందికి మళ్ళీ విడిచేస్తుంది. ముహోంజా అది గమనించింది గానీ ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు పాత బూట్ల గుట్టలో వెదికి వెదికి వెడల్పాటి మగవాళ్ళ గుడ్డబూట్లు పట్టింది. పైభాగం కోసి, ప్యాంటు నడుములోంచి తీసిన ఎలాస్టిక్ అతికి, లోపల మెత్తటి ఉన్నిగుడ్డ కుట్టింది. బావగారికి ఏమివ్వాలో తేలిగ్గానే తట్టింది. ఆయన కాగితాన్ని చెయ్యి చాచినంత దూరం పట్టుకుని చదువుతాడు. బస్టాండు పక్క నేల మీద పరిచి అమ్మే కళ్ళజోళ్ళలో ఒకటి కొంది.

మినాయో దగ్గరే చిక్కొచ్చింది. పదేళ్ళనుంచీ తోడికోడళ్ళు. ఆవిడకేమిష్టమో మాత్రం ముహోంజాకి తెలియదు. తనెప్పుడూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు. చివరికి, వంట చేస్తూ పొద్దస్తమానం ఫోనెక్కడ పెట్టానా అని తడుముకుంటుంది కదా అని, రెండు లోతైన జేబులతో ఒక వంట ఏప్రను కుట్టింది.

వుగుట్సాది మాత్రం ఏడాదినుంచీ మనసులో ఉంది. వుగుట్సా అలూడా చెల్లెలు. మొగుణ్ణి వదిలేసి పుట్టింటికొచ్చి నాలుగేళ్ళయింది. రోడ్డు మీద ఉల్లిపాయలు, టమాటాలు అమ్ముతుంది. ఆ ఇంట్లో ఆమె సబ్బు అందరి సబ్బు, ఆమె నూనె సీసా అందరి సీసా. కిందటి క్రిస్మస్ పొద్దున చర్చికి వేసుకోడానికి తన లోపావడా కనబడక ఆమె ఇల్లంతా వెదుకుతుంటే ఎవరూ తలెత్తి చూడలేదు. గికోంబా వెనక రేకు పెట్టెలు కొట్టేవాళ్ళ దగ్గరికెళ్ళి, మూల సొట్టపోయిన చిన్న పెట్టె ఒకటి బేరమాడింది ముహోంజా. సగం డబ్బిచ్చి, మిగతా సగానికి ఆ పనివాడి పిల్లల యూనిఫాములు బాగుచేసింది. పెట్టెకో తాళంకప్ప, రెండు తాళంచెవులు.

డిసెంబరులో బస్సు టిక్కెట్టు రెండింతలవుతుంది కాబట్టి పిల్లని అలూడా దగ్గరే వదిలి ఒక్కతే ఊరెళ్ళింది.

పండగ రోజు చర్చి నుంచి వచ్చాక వాకిట్లో తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీద గిఫ్టు పెట్టెలు కొలువుదీరాయి. లోగేది మైకు పట్టుకుని ఒక్కో పేరూ చదివాడు. చప్పట్లు అయ్యాక ముహోంజా తన గోనెసంచీ తీసుకుని లేచింది.

"లిస్టులో నీ పేరు లేదమ్మా," అంది మినాయో.

"ఎందుకుంటుందక్కా? నేను బల్లకేమీ తేలేదు. మనుషులకి తెచ్చా."

తిన్నగా అత్త దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని బూటు విప్పి పట్టుకుంది. "మగవాళ్ళ బూట్లే!" అని వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. కగేహా పాదం లోపలికి పెట్టింది. వేళ్ళు కదిపి చూసుకుంది. ఏమీ అనకుండా రెండో కాలు కూడా చాచింది. లోగేది తనకిచ్చిన కళ్ళజోడు పెట్టుకుని చేతిలో కాగితం వంక చూసి, "ఓరి దేవుడా, కింద ఇంకో పేరుంది. చదవనే లేదు!" అన్నాడు, మైకు ఆపకుండానే. ఈసారి అందరూ నవ్వారు. మినాయో ఏప్రను మడత విప్పనైనా లేదు. బల్ల చివర పడేసింది.

అప్పుడు వుగుట్సా ఒళ్ళో రేకు పెట్టె పెట్టింది ముహోంజా. పెట్టె మూత తీసి తాళంకప్ప చూడగానే వుగుట్సా బెదురుగా తల్లి వంక చూసింది.

"తాళమా?" మినాయో కుర్చీలోంచి లేచింది. "ఎవరి మీద అనుమానమే నీకు? ఈ ఇంట్లో దొంగలున్నారా?"

"దొంగలని నేననలేదక్కా. తాళం ఇచ్చానంతే."

"చూశారా అత్తయ్యా, ఊరందరి ముందూ మనల్ని ఏమంటోందో?"

"ఏమన్నానో మీకర్థమైతే నేను మళ్ళీ చెప్పక్కర్లేదు," అంది ముహోంజా. కళ్ళు దించలేదు.

మాట్లాడింది అత్త. "వుగుట్సా, ఆ తాళంచెవులిలా ఇవ్వు. మన ఇంట్లో పెట్టెలకి తాళాలు వేసుకునే అలవాటు లేదు." కొత్త బూట్లతోనే కూర్చుని చెయ్యి చాచింది.

అత్త తన వైపే ఉంటుందని ముహోంజా లోలోపల ఎక్కడో లెక్కవేసుకుంది. వుగుట్సా తల్లి చెయ్యి వంక చూసింది. ముప్పై రెండేళ్ళలో ఆ చేతికి ఆమె దేన్నీ కాదనలేదు. రెండు తాళంచెవులూ రవికెలో దోపుకుంది.

"ఇవ్వనమ్మా."

వుగుట్సా లేచి, మినాయో పెద్దకూతురి ముందుకెళ్ళి నిలబడింది. ఆ పిల్ల ఎండలో కూడా పసుపు స్వెట్టరు వేసుకుని కూర్చుంది.

"విప్పమ్మా. అది నాది. ఈస్టరు నుంచి వెదుకుతున్నా."

పిల్ల తన తల్లి వంక చూసింది. మినాయో మొహం తిప్పుకుంది. స్వెట్టరు విప్పి ఇచ్చేసింది. వుగుట్సా దాన్ని నాలుగు మడతలు పెట్టి, పెట్టెలో వేసి, తాళం నొక్కింది. ఆ టిక్కుమన్న చప్పుడు వాకిలంతా వినబడింది.

"పాట పాడదామా?" అన్నాడు లోగేది మైకులో. అందరూ భోజనాలకి లేచారు.

భోజనాలప్పుడు కోడళ్ళ బల్ల దగ్గర ముహోంజాకి కుర్చీ వెయ్యలేదు. ఆమె బల్ల చివరున్న ఏప్రను తీసుకుంది. "మీకక్కర్లేదుగా అక్కా?" అని తనే నడుముకి కట్టుకుని వంటింట్లోకి నడిచింది. వుగుట్సా కూడా లేచి వచ్చింది. ఇద్దరూ పొయ్యి పక్కన పీటల మీద కూర్చుని చపాతీలు, కోడికూర కడుపునిండా తిన్నారు. తింటూ ముహోంజా ఫోను తెరిచింది. మినాయో ఆమెని గ్రూపులోంచి తీసేసింది. చదివి ఫోను ఏప్రను జేబులో వేసుకుంది. లోతు జేబు, బాగానే కుదిరిందనుకుంది.

అత్త ఆ రోజంతా పలకరించలేదు. మర్నాడు పొద్దున సంచీ సర్దుకుంటుంటే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నా కూతురు నా చెయ్యి కాదంది. నీవల్లే."

"అవునత్తయ్యా."

"నాకు కోపమొచ్చింది. ఇంకా ఉంది."

"ఉండనివ్వండి అత్తయ్యా."

"టీ పొయ్యి మీదుంది. తాగి వెళ్ళు," అని కగేహా వెనక్కి తిరిగింది.

వుగుట్సా సంచీ అందుకుని రోడ్డుదాకా వచ్చింది. దారిలో అలూడా ఫోను. "మినాయో వదిన ఫోన్ చేసిందే. నువ్వు తప్పయిందని ఒక్కమాట అంటే మళ్ళీ గ్రూపులో చేర్చుతుందంట."

"అనను."

"వచ్చే క్రిస్మస్‌కో మరి?"

"వచ్చే క్రిస్మస్‌కీ వస్తా. పిలవకపోయినా వస్తా. చేతిలో సంచీ ఉంటుంది, పెట్టె ఉండదు. అదే చెప్పు ఆవిడకి." అవతల అలూడా నిట్టూర్చాడు. తర్వాత, "సరే, చెబుతా," అన్నాడు.

రోడ్డు మీద జనం కిటకిటలాడుతున్నారు. వుగుట్సా మెల్లగా అంది, "వదినా, స్వెట్టరు ఇవాళ నేనే వేసుకున్నా కదా. పెట్టెలో పెట్టడానికి ఇంకేమీ లేదు."

"ఖాళీగానే తాళం వెయ్యి."

వుగుట్సా ఫక్కున నవ్వింది. ముహోంజా ఆమె నవ్వు విని ఎన్నేళ్ళయిందో. ఇంతలో బస్సొచ్చి ఆగింది. కండక్టరు తలుపు పట్టుకుని వేలాడుతూ, "నైరోబీ రెండు వేలు, రెండు వేలు!" అని అరుస్తున్నాడు.

"పన్నెండొందలు," అంది ముహోంజా మెట్టు మీద కాలు పెట్టి.

"పండగ రోజులమ్మా, దిగు!"

"దిగను," అని రెండో కాలు కూడా పైకి పెట్టింది.