స్తంభం మీద మనిషి

వేసవి వచ్చిందంటే కొల్లేటి ఊళ్ళలో చేపల చెరువుల గట్లు తగలబెట్టడం మామూలే. ఎండిన గడ్డిలో పాములు చేరతాయని ఒకరు, నడవడానికి దారి ఉండదని ఒకరు, కోయించాలంటే మనుషులు దొరకరని ఒకరు, ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెబుతారు. ఒక్క అగ్గిపుల్లతో గట్టంతా శుభ్రమైపోతుంది. ఇందులో తప్పేముందని మనలో ఎంతమంది ఆగి ఆలోచించాం? మండవల్లి దగ్గర చెరువు లీజుకు తీసుకుని చేపలు పెంచుకుంటున్న రాంబాబు కూడా ఆలోచించలేదు.

ఆ పొద్దున అతని భార్య లక్ష్మీదుర్గ ఫోనుకి కరెంటాఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. పడమటి గాలి బలంగా వీస్తుందని, కరెంటు తీగల దగ్గర మంటలు పెట్టవద్దని, ప్రమాదమనిపిస్తే సరఫరా ఆపేస్తామని, ఇంట్లో వైద్య పరికరాలున్నవారు ముందే ఏర్పాట్లు చూసుకోవాలని అందులో ఉంది. ఆమె అది మొగుడికి చదివి వినిపించింది.

"ఏవండీ, ఇవాళ గట్టు జోలికి వెళ్ళకండి. గాలి చూడండి, ఎలా కొడుతోందో."

"మన లంకల్లో గాలి లేని రోజెప్పుడు దుర్గా? ఉన్నదే బారెడు గట్టు. పక్కనే నిలబడతాలే," అని నవ్వేసి రాంబాబు తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె ఇంక రెట్టించలేదు. కానీ 'ముందే ఏర్పాట్లు' అన్న మాట ఆమె మనసులో ముల్లులా గుచ్చుకుంది. అత్తగారు అచ్చమ్మకి ఊపిరితిత్తుల జబ్బు. వయసంతా పొయ్యి పొగలో గడిపిన ఫలితమని ఏలూరు డాక్టరు చెప్పాడు. ఇప్పుడు ఆవిడకి ఊపిరాడాలంటే ముక్కుకి గొట్టం ఉండాలి, ఆ గొట్టం వెనక ఆక్సిజన్ మిషన్ తిరగాలి, మిషన్ తిరగాలంటే కరెంటు ఉండాలి. కరెంటు పోయినప్పుడు వాడుకోమని ఆసుపత్రివాళ్ళు చిన్న సిలిండర్ ఒకటి ఇచ్చారు. అది మంచం కింద దుమ్ముకొట్టుకుపోయి ఉంది. లక్ష్మీదుర్గ బయటికి లాగి మీటరు చూస్తే ముల్లు అట్టడుగున ఉంది.

"ఎండలో ఇప్పుడెక్కడికమ్మా?" అంది అచ్చమ్మ.

"కైకలూరు వెళ్ళి నింపించుకొస్తానండి అత్తయ్యా. ఇంట్లో ఉంటే ధైర్యం."

ఆటోలో వెళ్ళి నింపించుకుని వచ్చి, సిలిండర్ని గ్యాసు పొయ్యికి దూరంగా అత్తగారి తలవైపు నిలబెట్టి, ఆమె అన్నానికి కూర్చుందో లేదో, చెరువుల వైపు నుంచి కేకలు వినబడ్డాయి.

రాంబాబు గట్టుకి పెట్టిన నిప్పు గట్టు దగ్గర ఆగలేదు. ఒక్క సుడిగాలికి లేచి, అవతల ఎండిపోయి నిలుచున్న కిక్కిస గడ్డి పొదల్లో పడింది. చూస్తుండగానే మనిషెత్తు మంట లేచింది. పక్క చెరువు అబ్బాయిరాజు పాక కాలిపోయింది. మంట కరెంటు తీగల కిందికి చేరగానే ఆఫీసువాళ్ళు సరఫరా ఆపేశారు.

ఇంట్లో ఫాను ఆగింది. దానితోపాటు మిషన్ చప్పుడూ ఆగింది. అచ్చమ్మ భయంతో మంచం పట్టె పట్టుకుంది. లక్ష్మీదుర్గ గొట్టం తీసి సిలిండర్‌కి తగిలించింది. ఆవిడ ఊపిరి కుదుటపడేదాకా వీపు రాస్తూ కూర్చుంది. పొగ లోపలికి రాకుండా కిటికీలు మూసింది.

అంతలో రాంబాబు చెరువు మీద నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. మొహమంతా మసి. పక్కవాళ్ళ సాయంతో చెరువు దగ్గర జనరేటర్‌ని బండి మీద వేయించుకొచ్చాడు. దాన్ని వసారాలో దించి, రెండు చివరలా ప్లగ్గులున్న వైరు తీసి, ఒకటి జనరేటర్‌కి గుచ్చాడు. రెండోది గోడ సాకెట్లో పెట్టబోయాడు. మన ప్రాంతంలో చాలా ఇళ్ళలో చేసే పనే ఇది. ఇల్లంతా ఒక్కసారే వెలుగుతుందని మురిసిపోతాం.

లక్ష్మీదుర్గ గుమ్మంలోకి వచ్చి, వీధి చివర చూసి కొయ్యబారిపోయింది. మంటకి తెగి వేలాడుతున్న తీగని విప్పడానికి లైన్‌మన్ నెహెమ్యా స్తంభం ఎక్కి ఉన్నాడు. ఆ స్తంభం నుంచే వాళ్ళింటికి కరెంటు వస్తుంది. పోయిన ఏడాది డ్వాక్రా మీటింగుకి వచ్చిన కరెంటాఫీసు ఏఈ సత్యశ్రీ చెప్పిన మాట ఆమెకి చటుక్కున తట్టింది: మెయిన్ స్విచ్ తీయకుండా సాకెట్లో జనరేటర్ పెడితే, ఆ కరెంటు ఇంట్లోనే ఆగదు, వీధి తీగలోకి ఎదురెక్కి, దాన్ని పట్టుకున్నవాళ్ళ ప్రాణం తీస్తుంది.

"ఆగండి!" అని అరిచి అతని చెయ్యి పట్టుకుంది. "పెట్టకండి!"

"వదులు దుర్గా! అక్కడ అమ్మకి ఊపిరాడకపోతే ఇప్పుడా నీ పాఠాలు?"

"అత్తయ్యకి సిలిండర్ ఉందండీ. ఆ స్తంభం మీద ఉన్నాయనకి ఏముంది?"

రాంబాబు తలెత్తి చూశాడు. నెహెమ్యా ఒట్టి చేత్తో తీగ పట్టుకుని, కింద ఉన్నవాళ్ళతో ఏదో చెబుతున్నాడు. రాంబాబు చేతిలోని ప్లగ్గు జారి కిందపడింది.

లక్ష్మీదుర్గ ముందు మెయిన్ దించింది. జనరేటర్ పొగ కూడా అత్తగారి పాలిట విషమేనని, దాన్ని ఇంటికి దూరంగా దొడ్డి చివరికి లాగించింది. అక్కడి నుంచి పొడుగు వైరు ఒకటి వేసి, గోడ సాకెట్‌తో పని లేకుండా, నేరుగా మిషన్‌కే తగిలించింది. మిషన్ మళ్ళీ తిరిగింది. అచ్చమ్మ కళ్ళు మూసుకుని నిదానంగా ఊపిరి తీసుకుంది.

అవతల ఊరంతా కదిలింది. చెరువుల నీళ్ళు ఇంజన్లతో తోడి కొట్టారు. ఫైరింజను కూడా వచ్చింది. పొద్దు వాలేలోపు మంట ఆరిపోయింది. పాక తప్ప ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. దీపాలు పెట్టే వేళకి కరెంటు వచ్చింది.

ఏఈ సత్యశ్రీ, నెహెమ్యా వీధిలో ఇల్లిల్లూ పలకరిస్తూ వచ్చారు. లక్ష్మీదుర్గ ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. నెహెమ్యా గ్లాసు ఖాళీ చేసి, "చల్లగా ఉందమ్మా," అని నవ్వాడు. ఆ నవ్వు చూసి రాంబాబు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నిప్పు పెట్టింది నేనేనండి మేడమ్," అన్నాడు. "అబ్బాయిరాజుకి పాక నేనే వేసిస్తాను. కానీ అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి నా చేతుల మీదుగా జరగబోయి ఆగిపోయిందండి." జరిగిందంతా దాచకుండా చెప్పాడు.

నెహెమ్యా గ్లాసు కింద పెట్టాడు. తర్వాత లక్ష్మీదుర్గ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"అయ్యో, అదేంటన్నయ్యా, మీరు పెద్దవారు," అని ఆమె కంగారుపడింది.

సత్యశ్రీ నిదానంగా అంది: "మేము కరెంటు తీసేది మిమ్మల్ని ఇబ్బంది పెట్టడానికి కాదండి. గాలీ నిప్పూ తీగా ఒకచోట కలిస్తే ఊళ్ళే పోతాయి. ముందుగా మెసేజ్ పంపుతాం, కానీ జాగ్రత్త పడాల్సింది ఇంట్లోవాళ్ళే. గట్టు గడ్డి కోయించండి, తగలబెట్టకండి. జనరేటర్ ఉంటే మా ఎలక్ట్రీషియన్‌తో చేంజోవర్ స్విచ్ పెట్టించుకోండి. అప్పుడు మీ కరెంటు మీ ఇంట్లోనే ఉంటుంది."

"రేపే పెట్టిస్తానండి," అన్నాడు రాంబాబు.

లోపల మంచం మీద నుంచి అచ్చమ్మ ఇవన్నీ వింటూనే ఉంది. కొడుకుని దగ్గరికి పిలిచి, అతని మసి చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"ఇవాళ మనల్ని దేవుడు కాచాడు, నీ పెళ్ళాం కాచింది. ఎప్పటికీ గుర్తుంచుకోరా నాయనా. మనింట్లో దీపం వెలగడం కోసం ఇంకొకళ్ళింట్లో దీపం ఆరిపోకూడదు."