వాషర్ వేసిన మెడ

దెబ్బ తిన్న మనిషి ఒంటి మీద మచ్చ లేకపోతే, ఆ దెబ్బ పడినట్టా, పడనట్టా? తొందరపడి జవాబు చెప్పకండి. ముందు కథ వినండి, తర్వాత ఎవరి జవాబు వాళ్ళు చెప్పుకుందురుగాని.

రైల్వే స్టేషన్ వెనక వీధిలో, తాళాలు బాగుచేసే కొట్టుకీ అద్దాల కొట్టుకీ మధ్య, ఒక బేస్ గిటార్ల కొట్టు ఉంది. అది నడిపే ఆవిణ్ణి వీధంతా పావుతిప్పు అంటారు. గిటార్ మెడ లోపల పొడుగునా ఒక ఇనప కడ్డీ ఉంటుంది. లావు తీగలు నాలుగూ కలిసి మెడని ముందుకి వంచుతుంటే, ఆ కడ్డీ వెనక్కి లాగి నిలబెడుతుంది. కడ్డీ చివరనున్న మరని ఆవిడ ఒక్కసారికి పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పదు. తిప్పి, టీ తాగి, చెక్క సర్దుకున్నాక మళ్ళీ చూస్తుంది. "చెక్కకైనా మాట తలకెక్కడానికి టైము పడుతుంది" అంటుంది. మొగుణ్ణి కూడా ఇలాగే పావు పావు తిప్పుకుంటూ వీధి చివరిదాకా సాగనంపిందని అద్దాల కొట్టాయన జోకులేస్తాడు. ఆవిడ వింటుంది, నవ్వుతుంది, పని చూసుకుంటుంది.

ఆ ఊళ్ళో బేస్ కొనేవాళ్ళందరూ పాట కోసమే కొనరు. తీగల ఎత్తూ మెడ వంపూ ఎవరి చేతికి సరిగ్గా కుదిరిస్తే, వాళ్ళకి పడే దెబ్బలు ఆ బేస్ మెడలోకి పోతాయి. ఒంటికి తగలవు. మామూలు గిటార్లకి ఈ గుణం లేదు, వాటి తీగలు సన్నం, మోయలేవు. ఇది అక్కడ గొడుగు లాంటి సంగతి. ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోరు. కాకపోతే ఒకరి చేతికి కుదిర్చిన బేస్‌ని విప్పి ఇంకొకరి చేతికి కుదిరిస్తే, అందులో దాగినవన్నీ కొత్త చేతికి వస్తాయి. అందుకే వాడిన బేస్ ఊరికే ఇస్తామన్నా ఎవరూ తీసుకోరు.

ఆ మంగళవారం పొద్దున్నే సిటీ బస్సు కండక్టరమ్మ ఒకావిడ వచ్చింది.

"రోజూ మోచేతి పోట్లేనమ్మా. మొన్న దిగమన్నందుకు ఒకడు మెట్ల మీంచి తోశాడు. ఆ ఎర్రది చూపించు."

"రంగు చూసి బేస్ కొనడం ఫోటో చూసి పెళ్ళి చేసుకోవడం లాంటిది. భుజాన వేసుకో. ఇప్పుడు రెండు చేతులూ వదిలెయ్."

వదలగానే బేస్ తలకాయ నేలకేసి వాలిపోయింది.

"చూశావా? రోజంతా దీని తల మోయడానికే నీ ఎడమ చెయ్యి సరిపోతుంది. ఇక వాయించేదెప్పుడు?"

"మా ఆయన కూడా ఇంతే" అంది కండక్టరమ్మ.

నాలుగోది సరిపోయింది. పొట్టి మెడది, తేలికది, వదిలినా వాలనిది. పావుతిప్పు కండక్టరమ్మ వేళ్ళు పట్టి చూసింది, టికెట్లు చింపి చింపి బొటనవేలు కాయ కాసింది. తీగని మెడ మీది మెట్లలో మొదటిదాని దగ్గరా చివరిదాని దగ్గరా నొక్కిపెట్టి, మధ్యలో సందు ఎంతుందో పల్చటి రేకు దూర్చి చూసింది. సందు లేకపోతే తీగ మెట్లకి కొట్టుకుని గరగరలాడుతుంది. ఎక్కువైతే వేలు నొక్కలేక నొప్పెడుతుంది. మర పావు చుట్టు తిప్పి, "నాలుగింటికి రా, అప్పటికి చెక్క దారికొస్తుంది" అని పంపింది.

మధ్యాహ్నం చెల్లెలు వచ్చింది. భుజాన బేస్ సంచి, ఇంకో చేతిలో ప్రయాణం పెట్టె.

ఈ చెల్లెలు ఒక బ్యాండ్‌లో బేస్ వాయిస్తుంది. ఆ బ్యాండ్ నడిపేది ఆమె మొగుడే. పెళ్ళైన వారంలోనే పెళ్ళాన్ని ఈ కొట్టుకి తీసుకొచ్చి, ఉన్నవాటిలో మంచిది ఏరి కొనిపెట్టి, దగ్గరుండి ఆమె చేతికి కుదిరించాడు. "మా మరిది బంగారం" అని పావుతిప్పు వీధంతా చెప్పుకుంది. నెల తిరక్కుండా ఆ బేస్ మెడ వంగి వచ్చింది. పాటలకి ఏ మెడా అలా వంగదు. అది పావుతిప్పుకి చూడగానే తెలిసింది. తెలిసీ ఏమందో తెలుసా? "గాలిలో తేమ ఎక్కువైనట్టుందే" అంది. "అవునక్కా, తేమే" అంది చెల్లెలు. అలా మూడేళ్ళ పాటు నెలనెలా తేమ, నెలనెలా పావు చుట్టు. పోయిన చలికాలం మర చివరికొచ్చేసింది, ఇక తిరగలేదు. అప్పుడు పావుతిప్పు మర కింద ఒక వాషర్ వేసింది. వాషర్ వేస్తే మర మళ్ళీ నాలుగు చుట్లు పడుతుంది. పనితనం అంటే అదీ అని తనకి తనే మెచ్చుకుంది కూడా.

"సాయంత్రం వ్యాన్ బయల్దేరుతుందక్కా. మూడు నెలల టూరు. తొందరగా చూడు" అంది చెల్లెలు.

పావుతిప్పు బేస్‌ని బల్ల మీద పడుకోబెట్టింది. మెడ విల్లులా ఉంది. తీగ కింద వేలు పడుకునేంత సందు. మర బిగించబోతే ఇనుము కిర్రుమంది.

"అయిపోయిందే. ఇంక తిరగదు."

"ఇంకో వాషర్ వెయ్యి."

"వేస్తే కడ్డీ తెగుద్ది. టూరు మధ్యలో తెగితే?"

"తెగదులే. నువ్వు ఊరికే భయపడతావ్."

"మొన్న దేంతో కొట్టాడు?"

మూడేళ్ళలో ఆ మాట అడగడం అదే మొదటిసారి. చెల్లెలు కిటికీలోంచి వీధిలోకి చూసింది.

"మైక్ స్టాండ్‌తో. కోపం వస్తే చేతికేం దొరికితే అది. అయినా నాకు తగలదుగా అక్కా. చూడు, ఒంటి మీద గీత కూడా లేదు. నిజం చెప్తున్నా, ఒక్కోసారి నవ్వొస్తుంది. ఆయన కొడుతుంటాడు, నేను రేపేం పాటలు వాయించాలో అనుకుంటూ ఉంటా."

పావుతిప్పు బల్ల మీది మెడనీ చెల్లెలి మెడనీ మార్చి మార్చి చూసింది. ఇన్నాళ్ళూ తను సరిచేసింది ఎవరి మెడ? దెబ్బ పడిన ప్రతిసారీ ఆనవాలు లేకుండా తుడిచిపెట్టి, ఇంకో దెబ్బకి చోటు చేసి పంపింది. కొట్టేవాడికి చెయ్యి ఒక్కటే, రెండో చెయ్యి తనదే.

ఆమె అలెన్ కీ తీసుకుని మర తిప్పడం మొదలుపెట్టింది.

"అటు కాదక్కా, అది వదులవుతుంది" అంది చెల్లెలు.

"తెలుసు."

పావు చుట్టు కాదు, ఆపకుండా తిప్పింది. మర ఊడొచ్చింది. వాషర్ తీసి కిటికీలోంచి విసిరేసింది. మర మళ్ళీ ఎక్కించి, మెడ తన చేతికి ఎలా కావాలో అలా కుదిర్చింది. కింది చివర తీగలు ఆనే బ్రిడ్జ్ మీద వాటిని ఎత్తి, తన వేళ్ళకి సరిపెట్టింది. చెల్లెలికి అప్పుడు అర్థమైంది.

"అక్కా, వద్దు. అవి నీకొస్తాయి."

"నీకు రాలేదుగా, మరి ఎవరికైనా రావాలి కదా. తలుపు దగ్గర నిలబడి చూడు. కళ్ళు మూసుకున్నావంటే ఒట్టే."

భుజాన వేసుకుని, ఆంప్ స్విచ్ వేసి, అన్నిటికన్నా లావు తీగని మీటింది.

చెంప చెళ్ళుమంది. కొట్లో ఎవరూ చెయ్యెత్తలేదు, పావుతిప్పు తల మాత్రం పక్కకి తిరిగిపోయింది. చెంప మీద ఐదు వేళ్ళూ తేలాయి.

"అది పెళ్ళైన పదో రోజు" అంది చెల్లెలు, తనకి తెలియకుండానే.

రెండో మీటుకి దవడ మీద పిడికిలి దిగింది. ఉంగరం రాయి చర్మాన్ని నాలుగు పలకలుగా చీరింది. నోట్లోకి పన్ను ఊడొచ్చింది. పావుతిప్పు దాన్ని స్క్రూల డబ్బాలో ఉమ్మేసి, మూడో మెట్టు నొక్కి మీటింది. జుట్టు వెనక్కి లాగినట్టయి, నుదురు గాల్లోనే దేనికో గుద్దుకుని పగిలింది.

"వంటింటి తలుపు" అంది చెల్లెలు. "పాటలో తాళం తప్పానని. ఆపక్కా."

"ఇంకా ఎన్నున్నాయి?"

"నేను చూసుకోలేదు. ఆపు."

ఆపలేదు. మీటే చూపుడువేలు కణుపు దగ్గర వెనక్కి విరిగింది, ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. మధ్యవేలితో మీటింది. తన మెడ చుట్టూ వేళ్ళ గుర్తులు ఊదారంగులో పూశాయి, ఊపిరి ఆగి, మళ్ళీ వచ్చింది. నేల మీద మోకాళ్ళ మీద పడింది. పడి కూడా మీటింది. నడుం మీద బూటు. వీపు మీద బెల్టు. చిట్టచివర పక్కటెముకల మీద ఇనుము దిగినప్పుడు ఆమె అరవలేదు, అరవడానికి లోపల గాలి లేదు. బేస్ మెడ మాత్రం మెల్లగా, గీత గీసినట్టు తిన్నగా అయింది.

చెల్లెలు అక్క పక్కన కూలబడి, ఒక్కో మచ్చనీ ముట్టుకుంది. మూడేళ్ళ కాపురం ఆమె ముందు రక్తమోడుతూ కూర్చుని ఉంది. తన ఒంటి మీద పడింది ఇంత ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"ఇవన్నీ నావేనా?" అంది.

"మరి? తేమనుకున్నావా?" అంది పావుతిప్పు, పగిలిన పెదవితో.

బయట వ్యాన్ హారన్ మోగింది. మరిది లోపలికొచ్చాడు. వెనకాలే కండక్టరమ్మ, నాలుగైంది కదా, తన బేస్ కోసం వచ్చింది.

"అయ్యో, ఏంటి వదినా ఇది? ఎవడు కొట్టాడు మిమ్మల్ని?" అన్నాడు మరిది. గొంతులో నిజమైన జాలే ఉంది.

పావుతిప్పు దవడ చూపించింది. నాలుగు పలకల గాయం. అతని చూపు దాని మీద నిలిచి, తన వేలి ఉంగరం మీదికి జారింది. చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"నేను మీ మీద ఎప్పుడైనా చెయ్యేశానా? చెప్పండి."

"నా మీద వెయ్యలేదు నాయనా. నా చేత మోయించావ్."

అతను పెళ్ళాం వైపు తిరిగాడు. "ఏం చెప్పావే మీ అక్కకి? లే. వ్యాన్‌లో అందరూ చూస్తున్నారు."

"నేను రాను."

అలవాటైన చెయ్యి ఆగుతుందా? జేబులోంచి వచ్చి ఆమె మూతి మీద పడింది. పడ్డాక ఒక క్షణం అందరూ బేస్ వైపు చూశారు. మెడ కదల్లేదు. అది ఇప్పుడు అక్క చేతిది.

చెల్లెలు పెదవి తుడుచుకుని వేళ్ళు చూసుకుంది. ఎర్రగా ఉన్నాయి. మూడేళ్ళ తర్వాత మొదటిసారి ఆమెకి నొప్పి పుట్టింది. అది పెదవి దగ్గర మొదలై, చెవుల దాకా పాకి, కళ్ళలో నీళ్ళు తెప్పించింది. ఆమె దాన్ని కొత్తగా కొన్న వస్తువుని చూసినంత శ్రద్ధగా చూసుకుంది.

"ఇలా ఉంటుందా" అంది. తర్వాత మొగుడి వైపు చూసి, "ఇలా ఉంటుందని నీకు తెలుసా?" అంది.

అతను రెండోసారి చెయ్యెత్తాడు. కండక్టరమ్మ ఆ మణికట్టు పట్టుకుంది. పదహారేళ్ళు నడిచే బస్సులో కడ్డీ పట్టుకున్న చెయ్యి అది. వేళ్ళొక్కొక్కటీ వెనక్కి వంచుతూ, అతన్ని గుమ్మం దాటించి, మెట్ల మీంచి తోసింది. రోడ్డు మీద అతని మొహం గీరుకుపోయింది. "దిగమంటే దిగాలి" అంది. వ్యాన్‌లో వాళ్ళెవరూ కిందికి దిగలేదు.

అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి నడిచారు. అక్కడి ఇన్‌స్పెక్టరమ్మ అక్క ఒంటి మీద మచ్చలన్నీ ఓపిగ్గా రాసుకుంది.

"బేస్‌లోంచి వచ్చినవని అర్థమవుతోంది. ఒప్పుకుంటాం. కానీ ఇవి ఈ అమ్మాయికి పడినవే అనడానికి, పడేటప్పుడు విన్నవాళ్ళు ఒక్కరైనా సంతకం పెట్టాలి. లేకపోతే ఈ పెదవి ఒక్కటే కేసు. వాణ్ణి ఇప్పుడు లోపలేసినా రేపు సాయంత్రం ఐదింటికి వదిలెయ్యాలి, ఇంట్లో ఉంటాడు."

ఆ రాత్రి చెల్లెలు కొట్లోనే పడుకుంది. మర్నాడు కాగితం పట్టుకుని తను కాపురమున్న మేడకి వెళ్ళింది. మూడంతస్తులు, పన్నెండు వాటాలు, జానెడు మందం కూడా లేని గోడలు. కిందింటాయన అప్పుడు ఊళ్ళో లేనన్నాడు. పక్కింటావిడకి చెవుడట. పైవాటా కుర్రాళ్ళు, "ఏదో పాట ప్రాక్టీస్ అనుకున్నాం" అన్నారు. ఒకావిడ తలుపు గొలుసు తియ్యకుండానే, "చూడమ్మా, మాకూ పిల్లలున్నారు" అంది. మిగతా పదకొండు తలుపులూ మూసుకున్నాక కూడా చెల్లెలు మెట్ల మీదే కూర్చుంది. పెదవి వాచి ఉంది. కాగితం ఆమె ఒళ్ళో ఉంది. తెల్లగా ఉంది.

నేను పేర్లు చెప్పను. కానీ ఆ మేడలో వాళ్ళు ఇక్కడ కూర్చున్నారని నాకు తెలుసు. ఆ మేడవాళ్ళు కానివాళ్ళారా, మీ మేడ మీకుంది, మీ మెట్ల మీద ఎవరు కూర్చున్నారో మీకే తెలుసు. సాయంత్రం ఐదయ్యేలోపు ఆ కాగితం మీద ఒక్క పేరు పడాలి. లేవండి. చెప్పులేసుకోండి. ఆ మెట్ల దగ్గరికి వెళ్ళి, ఆ అమ్మాయి పక్కన కూర్చుని, విన్నది విన్నట్టు రాసి సంతకం పెట్టండి.