తెల్లదొర రాసిన ఆదివారం

అప్పలమ్మకు కాయితమంటే భయం. రబ్బరు ఎస్టేటు చుట్టూ ముళ్ళకంచె వేసినప్పటి నుంచి కాయితం మీద ఏముంటే అదే బతుకు: ఎన్నింటికి గేటు దాటాలి, ఎన్నింటికి తలుపు మూయాలి. అందుకే రత్నావతిని తన దగ్గరే ఉంచమని కోర్టు ఇచ్చిన కాయితాన్ని వినాయకుడి పటం వెనక దాచుకుంది. అందులో రాసింది రాసినట్టు నడుపుకొస్తోంది.

రత్నావతి ఆమె కన్నబిడ్డ కాదు. పక్కగది కాంతయ్య కూతురు. తల్లి పురిట్లోనే పోయింది. పిల్లకు పళ్ళు రాకముందే, అడవిలోని కమ్యూనిస్టులకు బియ్యం అందించాడని కాంతయ్యను పోలీసులు పట్టుకుపోయారు. మూడేళ్ళు క్యాంపులో పెట్టి, ఏమీ తేలక వదిలేశారు. ఎస్టేటులో మళ్ళీ పని ఇవ్వలేదు. క్లాంగ్ రేవులో మూటలు మోస్తూ, పదిమంది మగాళ్ళున్న గదిలో పడుకుంటూ కొన్నేళ్ళు గడిపి, చివరికి కూతుర్ని ఇప్పించమని కోర్టుకెక్కాడు.

కోర్టులో తెల్లదొర అంతా విన్నాడు. "తండ్రివి నువ్వే, కాదనను. కాని పిల్లకు తెలిసిన ఒడి ఆమెది. పిల్ల మేలే ముందు" అని దుబాసీ చేత చెప్పించాడు. ప్రతి ఆదివారం పది నుంచి నాలుగు దాకా వచ్చి చూసుకోమన్నాడు.

అది మొదలు, వాన కురుస్తున్నా పది కొట్టేదాకా కాంతయ్య గుమ్మం బయటే. నాలుగైతే నోట్లో ముద్ద ఉండగానే లేచేవాడు. అప్పలమ్మకు జాలేసేది. కాని కాయితం!

ఇంతలో శనివారం నాడు మెర్దెకా, అదే దేశానికి స్వాతంత్ర్యం, వచ్చింది. రేడియో చుట్టూ చేరి అందరూ కేకలేస్తుంటే అప్పలమ్మకు కాయితమే గుర్తొచ్చింది. తెల్లోళ్ళ ఏలుబడి పోయాక తెల్లదొర సంతకం మాత్రం ఉంటుందా? పిల్ల గౌన్లు మూటకట్టింది. తెల్లారితే తొలి బస్సుకు కౌలా సెలంగోర్‌లో తమ్ముడింటికి పోదామనుకుంది.

తెల్లారి తలుపు తీస్తే, చేపల సంచితో కాంతయ్య!

"ఏటి కాంతయ్యా, ఏడైనా కానేదు, అప్పుడే వచ్చినావు?"

"కాయితం పోనాది కదా వదినా."

ఆమె గుమ్మానికి అడ్డంగా చేతులు చాపింది. "పిల్లని తీసుకుపోడానికా? నన్ను నరికీసి తీసుకుపో!"

"పదిమంది మొగోళ్ళ మద్దిన ఆడపిల్లనెక్కడ పెట్టుకుంటాను?" అన్నాడు కాంతయ్య. "దొర రాసినాడు గాబట్టి నన్ను రానిస్తన్నావు. ఆ రాత పోతే నువ్వు పిల్లని ఎక్కడ దాసీస్తావో అని పరుగెట్టుకొచ్చినాను."

అతని చూపు మంచం మీది మూట మీద ఆగింది. అప్పలమ్మ తల దించుకుంది.

"ఓరి నా తెలివి తగలెట్ట! నానూ నీలాగే బెదిరిపోనాను గదరా."

రత్నావతి కళ్ళు నులుముకుంటూ వచ్చింది. "అయ్యా, ఇంకా పది కాలేదు లా!" అంది, అక్కడి పిల్లలందరిలా మాట చివర 'లా' తగిలించి.

గొడవ విని సైకిలాపిన ఎస్టేటు గుమాస్తా వెంకటరావు పడీపడీ నవ్వాడు. "జెండా మారితే కోర్టు మారుతుందా? కాయితం నిన్న ఎంతో ఇవాళా అంతే. పిల్ల అప్పలమ్మ దగ్గరే."

ఆ మాటకు అప్పలమ్మ హమ్మయ్య అనుకుంది. కాంతయ్య గభాల్న గుమ్మం దిగాడు. "అయితే పదయ్యేదాకా ఈదిలోనే ఉంటాను వదినా."

"ఆగవయ్యా. ఆ టైములో ఆమె నిన్ను కాదనకూడదని రాశారు. మిగతా వేళల్లో ఆమె రమ్మంటే ఎవడొద్దంటాడు?" అన్నాడు వెంకటరావు.

అప్పలమ్మ ఒక్క అంగలో గుమ్మం దిగింది. కాంతయ్య చేతిలోని చేపల సంచి లాక్కుంది.

"రమ్మంతన్నాను, రా లా! నువ్వు ఈదిలో ఉంటే సేపలెవడు తోమతాడు?"

కాంతయ్య చేపలు తోముతుంటే, అతని ఎదుటే మూట విప్పి గౌన్లు పెట్టెలో సర్దింది.

"బుదోరం సాయంత్రం పనుందా నీకు?"

"నేదు. ఏం వదినా?"

"పిల్లకి నెక్కలు రావు. నాకూ రావు. నీకైనా వస్తాయేటి?"

"బస్తాలు నెక్కెట్టడం వచ్చు."

"సాల్లే, రా."