మధ్యాహ్నం సీను

ఆ పూట మామయ్య మూడుసార్లు చచ్చాడు. మూడుసార్లూ అందరినీ నవ్వించాడు.

మొదటి రిహార్సల్లో దగ్గి దగ్గి, కళ్ళు తేలేసి, ఒక కాలు గాల్లోకి లేపి పడ్డాడు. రెండోసారి పడినవాడు లేచి, నేల గట్టిగా ఉంది, పరుపేమైనా దొరుకుతుందా అని అడిగి మళ్ళీ పడ్డాడు. మూడోసారి కెప్టెన్ వేషం వేసే నటి వైపు చెయ్యి చాపి ప్రాణం వదలాల్సినవాడు గురక పెట్టాడు. లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా పొట్ట చేత్తో పట్టుకున్నారు.

నవ్వనిది రచయిత్రి ఒక్కతే.

వాళ్ళది పందొమ్మిదేళ్ళుగా నడుస్తున్న సీరియల్. ఇంటిదారి తప్పిపోయిన ఓ అంతరిక్ష నౌక, చుక్కల మధ్య దాని తిరుగుడు, అదీ కథ. ఆ నౌకలో ఇంజను గది మేస్త్రి మామయ్య. నూనె మరకల టోపీ, చేతిలో పానా. ఇంజను మొరాయించినప్పుడల్లా చొక్కా చేతి అంచుతో మీటరు అద్దం తుడిచి, వేలితో రెండు దెబ్బలు కొట్టి, "లేవమ్మా" అంటాడు. ఓడ లేస్తుంది. ఆ ఒక్క మాట కోసం టీవీ పెట్టుకునే కొంపలు బోలెడున్నాయి.

బయట ఆయన రచయిత్రికి సొంత మేనమామ. తండ్రి పోయాక ఆమెను చదివించిందీ, డిగ్రీ కాగితం పట్టుకుని గోళ్ళు గిల్లుకుంటున్న రోజుల్లో ఈ స్టూడియో గేటులోకి చెయ్యి పట్టుకుని నడిపించిందీ ఆయనే. ఆమె పిలవగా విని యూనిట్ మొత్తం ఆయన్ని మామయ్యనే చేసేసుకుంది.

ఈ యూనిట్‌కి ఒక అలవాటుంది. ఒకప్పుడెవరో పుణ్యాత్ముడు కథ ముందుగానే బయట పెట్టేశాడు. అప్పట్నుంచి పెద్ద మలుపు వచ్చిన ప్రతిసారీ రెండు సీన్లు తీస్తారు. ఒకటి నిజంది, ఇంకోటి జనాన్ని ఏమార్చడానికి తీసే దొంగ సీను. ఏది ఏదో దర్శకుడికీ రచయిత్రికీ తప్ప తెలియకూడదు. కానీ ఇన్నేళ్ళు ఒకే పొయ్యి మీది టీ తాగిన మనుషుల మధ్య గుట్టు ఎన్నాళ్ళాగుతుంది? ఒళ్ళు తాజాగా ఉన్నప్పుడు పొద్దున తీసేది నిజమనీ, భోజనాలయ్యాక ఆవులింతల మధ్య తీసేది దొంగదనీ అందరూ ఎప్పుడో కనిపెట్టేశారు. మధ్యాహ్నం సీను అంటే వాళ్ళ మాటల్లో ఉత్తుత్తి సీనని అర్థం.

ఈసారి ఆ వరస తిరగబడింది. పొద్దున తీసిన సీన్లో మేస్త్రి మంటల్లోంచి బయటపడ్డాడు. మధ్యాహ్నం సీన్లో లోపలే ఉండిపోతాడు, ఇంజను గది నిజంగానే తగలబడుతుంది. కాలిపోయిన గదిలో బతికే సీను తీయలేరు గనక దొంగదాన్ని ముందు తీసేశారు.

మామయ్య లెక్క వేరు. సెట్టు పాతబడింది, చెక్కకి చెదలు పట్టింది, ఎలాగూ పీకేసేదే, అందుకే దొంగ సీనుకి తగలేస్తున్నారని ఆయన అందరికీ విడమరిచి చెప్పాడు. కాబట్టి ఉన్న ప్రాణమంతా పొద్దున సీన్లో పెట్టేశాడు. పొగలోంచి తూలుతూ వచ్చి కెప్టెన్ చెయ్యి పట్టుకుని, ఇంకా ఉన్నానా తల్లీ అని అడిగినప్పుడు కెమెరా వెనక ముక్కులు చీదుకున్నారు. ఆ సీను ఏ టీవీలోనూ రాదని తెలిసిన రచయిత్రి తల ఎత్తలేకపోయింది.

మేస్త్రిని చంపుదామన్నది ఆమే. ఛానల్ వాళ్ళు ససేమిరా అంటే పట్టుబట్టి ఒప్పించింది. ఇన్నేళ్ళలో ఓడ ఎన్ని గండాల్లో పడ్డా, చూసేవాళ్ళకి కావలసిన మనిషి ఒక్కడూ పోలేదు. భయం చచ్చిపోయింది. ఓ రోజు టీవీలో ఓడ పేలిపోబోతుండగా ఆమె కూతురే తీరిగ్గా లేచి ఫ్రిజ్ దగ్గరికి నడిచింది. ఏం కాదులేమ్మా, తాతయ్య ఉన్నాడుగా అంది. ఎవరున్నారన్న ధీమాతో పిల్ల లేచి వెళ్ళిందో ఆ మనిషే పోవాలని ఆమెకు అప్పుడే తట్టింది. తట్టినప్పటి నుంచి అన్నం సయించడం లేదు.

మంటల మాస్టరు గోడల వెనక గ్యాసు గొట్టాలు సరిచూసుకుని, ఒక్కసారి అంటిస్తే ఇక రెండో టేకు ఉండదని మళ్ళీ హెచ్చరించాడు. రచయిత్రి దర్శకుడి చెవి దగ్గరికి వంగి, మామయ్య ఇలాగే ఆడితే సీను మంట గలుస్తుంది, నిజం చెప్పేద్దామంది. ఆయన అడ్డంగా తలూపాడు. చెబితే అలిగి వెళ్ళిపోతే ఎవర్ని పెట్టి తగలబెడతామని గొణిగాడు.

"ఆయన ఎలా చేసినా పరవాలేదండీ. పొగ ఎక్కువ పెట్టిస్తాను. మొహం కనపడక్కర్లేదు, టోపీ కనపడితే చాలు."

టోపీ చాలు. ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. సెట్టు వెనక్కి నడిచింది.

మామయ్య అక్కడ చెక్క గోడకి ఆనుకుని, పానాతో వీపు గోక్కుంటున్నాడు. ఆమెను చూసి, ఈసారి పడ్డాక తుమ్ముతాను, ఎలా ఉంటుందన్నాడు.

"మామయ్యా, ఇది దొంగ సీను కాదు."

పానా వీపు మీదే ఆగిపోయింది.

"మరి పొద్దుటిది?"

"అదే దొంగది."

గోడ అవతల ఎవరో టైమైపోతోందని అరుస్తున్నారు.

"నిజంగానే ఏడ్చానే బుజ్జీ," అన్నాడు. "ఛానల్ వాళ్ళ పనేనా?"

అవునంటే సరిపోయేది. ఆ దారి ఆయనే చూపించాడు కూడా. ఆమె నాలుక దాకా వచ్చిన మాటను మింగేసింది.

"కాదు. నా పనే."

ఎందుకని అడిగాడు. ఆమె ఫ్రిజ్ సంగతి చెప్పింది. చెబుతుంటే అది ఎంత చిన్న సంగతో ఆమెకే తెలిసింది. ఆయన విన్నాడు. పానాను గోడ వారన పెట్టి, మేకప్ గదివైపు వెళ్ళిపోయాడు.

లోపల గ్యాసు వదిలేశారు. ఇప్పుడంటించకపోతే మొత్తం ఆపి, గాలి తోలి, మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టాలని మాస్టరు కేకలు పెట్టాడు. ఆయనెక్కడని దర్శకుడు అడిగితే రచయిత్రి మేకప్ గదివైపు చూసింది. ఆమె మొహం చూసి దర్శకుడికి అర్థమైంది. చెప్పేశారా అన్నట్టు పళ్ళు నూరాడు. కెప్టెన్ లేచి నిలబడింది. అందరి కళ్ళూ మేకప్ గది తలుపు మీదే ఉన్నాయి.

తలుపు తెరుచుకుంది. మామయ్య అదే టోపీతో, అదే నూనె మరకలతో వచ్చాడు. ఎవరివైపూ చూడలేదు. వంగి పానా తీసుకుని, ఇంజను గదిలోకి వెళ్ళి తన చోట నిలబడ్డాడు. కానివ్వమన్నట్టు మాస్టరుకి చెయ్యి ఊపాడు.

మంట లేచింది.

రాసిన ప్రకారం ఇక్కడ మేస్త్రికి ఒక పెద్ద డైలాగుంది. ఓడ గురించి, ఇల్లు గురించి, ఆమె రాత్రుళ్ళు కూర్చుని చెక్కిన డైలాగు. కెప్టెన్ దానికోసం ఎదురుచూసింది. మామయ్య నోరు విప్పలేదు. టోపీ తీశాడు.

ఇన్నేళ్ళలో ఆ టోపీ తెరమీద ఒక్కసారీ కదల్లేదు. మేస్త్రికి ఎప్పుడూ నలభై ఏళ్ళే. టోపీ కింద అంచుల దాకా అంటించిన నల్ల జుట్టు తప్ప ఇంకేమీ చూపించడానికి వీల్లేదు. ఇప్పుడు ఆ జుట్టు లేదు. మేకప్ గదిలో పీకేసి వచ్చాడు. బోడి తల, చెవుల మీద నాలుగు తెల్ల వెంట్రుకలు. మంట వెలుగులో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు.

దర్శకుడు ఆపమనబోయి నోరు మూసుకున్నాడు. పొగ ఎక్కువ పెట్టమని కూడా చెప్పలేదు.

మామయ్య ఆ టోపీతో మీటరు అద్దం తుడిచాడు. వేలితో ఒక దెబ్బ కొట్టాడు. రెండో దెబ్బకి ఎత్తిన వేలు అలాగే గాల్లో కాసేపు ఉండి, మెల్లగా దిగింది. లేవమ్మా అనలేదు. టోపీని మీటరుకి తగిలించి, ఇంజనుకి వీపు ఆన్చి కింద కూర్చున్నాడు, పొలం పనయ్యాక గట్టు మీద కూర్చున్నట్టు. కెప్టెన్ తన మాటలన్నీ మర్చిపోయి, మేస్త్రీ అని ఒక్క పిలుపు పిలిచింది. అది ఏ కాగితంలోనూ లేదు. మంట అడ్డం వచ్చేసింది.

వెనక తలుపులోంచి ఆయన్ని లాగి బయటికి తెచ్చాక కూడా ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆరుబయట బల్లమీద కూర్చోబెట్టారు. బోడి తల నిండా మసి. రచయిత్రి నీళ్ళ సీసా తెచ్చి ముందు నిలబడింది. ఆయన తీసుకోలేదు, కాలుతున్న సెట్టునే చూస్తున్నాడు.

"ఇది వచ్చే రోజున," అన్నాడు, "పిల్ల ఫ్రిజ్ దగ్గరికి లేచిందో లేదో చూసి నాకు చెప్పు."

ఆమె తలూపింది. అప్పుడు సీసా కోసం చెయ్యి చాపాడు.