రెండు మూతల డబ్బా

వార్సిని బల్లల మధ్య తిరుగుతూ అట్టముక్కలు పంచుతోంది. పిల్లలు ఇరవై ఆరుమంది, కత్తెరలు తొమ్మిది. చెమటకి చేతిలో సుద్దముక్క జారిపోతోంది. క్లాటెన్ ఊరవతల ఈ బడిలో పద్దెనిమిదేళ్లుగా ఇదే ఐదో తరగతి, ఇదే తాత్కాలిక ఉద్యోగం. ఇవాళ పర్యవేక్షకుడు మెచ్చుకోకపోతే వచ్చే ఏడు ఇది కూడా ఉండదని ఆమె భయం. హర్జోనో అనే ఆ పెద్దమనిషి అప్పుడే వెనకబల్ల మీద ఫైలు తెరిచి కూర్చున్నాడు.

"సమఘనాన్ని విప్పి పరిస్తే వచ్చేదే వలరూపం," అంటూ బోర్డు మీద వరసగా నాలుగు చదరాలు గీసింది. పైన ఒకటి. కింద ఇంకొకటి గీయబోతుంటే వెనక ఆయన దగ్గాడు. ఉలిక్కిపడి, దాన్ని కూడా పైనే గీసేసింది.

పిల్లలు కత్తిరించారు, మడిచారు. జిగురు లేదు కాబట్టి మధ్యాహ్నానికి తెచ్చుకున్న పొట్లాల్లోంచి అన్నం మెతుకులు తీసి నలిపి అంటించారు.

"టీచర్, నాది మూసుకోవట్లేదు," అంది ముందుబల్ల రెంగానిస్.

"సరిగ్గా మడువమ్మా."

"సరిగ్గానే మడిచా. మూతలు రెండొచ్చాయి, అడుగే లేదు!"

"దాంట్లో వేరుశనక్కాయలు పోస్తే మా కోళ్లకి పండగే!" అన్నాడు పక్కనున్న జాటి. గదంతా గొల్లుమంది.

వెనక ఆయన కలం కదులుతోంది. అయిపోయింది, చేజేతులా నా నోట్లో నేనే మట్టి కొట్టుకున్నాను, అనుకుంది వార్సిని. అట్ట బాగాలేదనేస్తే సరిపోతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ పిల్ల ముక్కు ఎర్రబడి, తన చేతులమీదే అనుమానమొచ్చి, విప్పి మళ్లీ మడుస్తోంది.

"ఆగమ్మా. తప్పు నీది కాదు, నేను గీసిందే తప్పు. ఆ చదరం ఎక్కడుండాలో నువ్వే చెప్పు."

రెంగానిస్ ఒక మూత కత్తిరించి కిందికి మార్చింది. డబ్బా చక్కగా మూసుకుంది. మిగతావాళ్లూ అలాగే మార్చుకున్నారు. రెంగానిస్ తనది తీసుకొచ్చి టీచరు బల్ల మీద పెట్టింది.

గంట కొట్టాక వరండాలో హర్జోనో, "పాఠం బాగుంది టీచర్ గారూ," అన్నాడు.

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. "అయితే నా ఉద్యోగం..."

"అయ్యో, హెడ్మాస్టరు గారు చెప్పలేదా? సోమవారం పర్మినెంటు టీచరు చేరుతోంది. నేను గది చూసి పోదామని వచ్చాను. బల్లలూ అవీ సరిపోతాయో లేదోనని."

ఏడుపు రాలేదు, సిగ్గేసింది. పొద్దుట్నుంచీ పడ్డ భయమంతా ఎవరిముందు పడ్డట్టు? "అలాగేనండీ," అని సంచి భుజాన వేసుకుంది.

గేటు దగ్గర రెంగానిస్ అడ్డమొచ్చింది. "టీచర్, సోమవారం చేసేది పిరమిడ్డేనా?"

"ఆఁ, పిరమిడ్డే," అంది, మొహం చూడలేక స్కూటరు మీద దుమ్ము తుడుస్తూ.

గదిలో ఆమె బల్ల మీద ఆ అట్టడబ్బా ఒక్కటే ఉంది. అతుకు దగ్గర మెతుకు ఇంకా తడి ఆరలేదు.