వనపర్తిలో దిగొద్దు

గద్వాల నుంచి వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్‌కు నేరు బస్సు వేసి నెల కావస్తోంది. పట్టుబట్టి ఆ డ్యూటీ అడిగి తీసుకున్న కండక్టర్ నవనీతకు ఆ ఉదయం మనసు మనసులో లేదు. గద్వాలలో నిండిన బస్సు రోజూ వనపర్తిలో సగం ఖాళీ అవుతోంది. ఇవాళ అక్కడ ఆర్టీసీ అధికారి ఎక్కి చూస్తాడు. వనపర్తి దాటాక సీట్లు నిండకపోతే బస్సు రద్దు.

ఈ మూడు ఊళ్లకూ ఒకదానితో ఒకదానికి పనిలేదని పైవాళ్లు తేల్చేస్తారని డ్రైవర్ తిరుపతి నిట్టూర్చాడు. ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. గద్వాల చీర లేకుండా నాగర్‌కర్నూల్‌లో పెళ్లవుతుందా? వనపర్తి పిల్లలు అటూ ఇటూ చదువులకు పోవడం లేదూ?

చీరల మూటతో కూర్చున్న నేతగాడు శాంతయ్య వనపర్తికి టికెట్ అడిగాడు. రోజూలా కొట్టి ఇవ్వబోయి నవనీత ఆగింది.

"వనపర్తిల ఏం పని తాతా?"

"ఏం లేదు బిడ్డా. ఆడ బస్సు మారుత."

"యాడికి పోనీకి?"

"నాగర్‌కర్నూల్. దుకాణంల చీరలియ్యాలె."

"గీ బస్సు ఆడికే పోతది తాతా."

శాంతయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. "నలభై ఏండ్ల సంది ఆడ దిగుడే ఎరుక మాకు. నువ్వు సుత పొద్దుగాల లేస్తే వనపర్తి, వనపర్తి అని మొత్తుకుంటవు. బోర్డు సదివేటోడు ఎవడు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నవనీతకు సిగ్గేసింది, వెంటనే ప్రాణం లేచొచ్చింది. ప్రతి సీటు దగ్గరా ఆగి, టికెట్ ఎక్కడికని కాక, పని ఎక్కడని అడిగింది. వనపర్తికి అడిగినవాళ్లలో సగం మంది శాంతయ్య లాంటివాళ్లే. వాళ్లందరికీ నాగర్‌కర్నూల్‌కే టికెట్ కొట్టింది.

వనపర్తిలో బస్సు ఆగగానే అలవాటు కొద్దీ పది మంది లేచారు. పక్కవాళ్లే చేయి పట్టి కూర్చోబెట్టారు. వనపర్తి జనం ఎక్కేసరికి అధికారికి సీటు లేదు. దారిలో బిజినేపల్లి దాకా కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. శాంతయ్య జరిగి చోటిచ్చాక అతని పక్కన ఇరుక్కుని, మగ్గం సంగతులు అడుగుతూ పోయాడు.

నాగర్‌కర్నూల్‌లో దిగుతూ శాంతయ్య, వచ్చే వారం కూడా ఈ బస్సు ఉంటుందా అని అడిగాడు.

ఆ సంగతి అధికారి ఇంకా చెప్పనే లేదు. అయినా నవనీత తల ఎత్తి, "ఉంటది తాతా, ఎందుకుండది?" అంది.

పక్కనే ఉన్న అధికారి కాదనలేదు.